చెప్పిన అంకె, చెప్పని అంకె



జేఈఈ ర్యాంకులో, ఇంటర్ ఫలితాలో వెలువడిన రోజు సాయంత్రం మన ఇళ్లన్నిటిలో ఒకే రకం ప్రకటన మోగుతుంది. "ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు, మూడు, మూడు, నాలుగు" అంటూ ఊపిరి తిప్పుకోకుండా ఒకరు అంకెలు చదువుకుంటూ పోతారు. మర్నాడు పేపరు తెరిస్తే మొదటి పేజీ నిండా అవే అంకెలు, వాటి కింద పిల్లల ఫొటోలు. పదో తరగతి పూర్తయిన బిడ్డ ఉన్న ఇంట్లో ఆ పేజీని తీసి దాచిపెడతారు. జూన్‌లో ఏ కాలేజీలో చేర్చాలన్నది చాలా ఇళ్లలో ఆ పేజీ చూసే తేలిపోతుంది. పొలం మీద అప్పు తెచ్చి ఫీజు కట్టే తండ్రి కూడా ఆ పేజీనే నమ్ముకుంటాడు.

ఆ అంకెలు అబద్ధమని నేను అనడం లేదు. ఒకటో ర్యాంకు వచ్చిన పిల్లవాడు నిజంగానే అక్కడ చదివి ఉండవచ్చు. వందలోపు ర్యాంకులు 40 అని వేసుకుంటే అదీ నిజమే కావచ్చు. కాని ఆ పేజీని పైనుంచి కిందిదాకా ఎంత వెతికినా సాధారణంగా ఒక అంకె దొరకదు. ఆ ప్రకటన ఇచ్చిన సంస్థ నుంచి మొత్తం ఎంతమంది పరీక్ష రాశారు? 500 మంది రాస్తే 40 మందికి మంచి ర్యాంకులు రావడం ఒక లెక్క. అంటే ప్రతి పన్నెండు, పదమూడు మందిలో ఒకరన్నమాట. 50 వేల మంది రాస్తే 40 రావడం ఇంకో లెక్క. 1,250 మందికి ఒకరు. పేజీ మీద ఫొటోలు రెండు సందర్భాల్లోనూ 40 ఉంటాయి. చూసేవాళ్లకు తేడా తెలియదు.

ఇంకా లోపలికి వెళ్లి చూడండి. చురుకైన పిల్లల్ని ముందే ఏరి, ఫీజు తగ్గించి, వేరే సెక్షన్‌లో కూర్చోబెట్టి, మంచి లెక్చరర్లను వాళ్లకే కేటాయించే పద్ధతి మన దగ్గర ఎవరికీ కొత్త కాదు. ర్యాంకులు వచ్చేది ఆ సెక్షన్‌కి. పూర్తి ఫీజు కట్టిన మీ అబ్బాయి కూర్చునేది మరో సెక్షన్‌లో. ఆ 40లో ఓపెన్ ర్యాంకులెన్ని, కేటగిరీ ర్యాంకులెన్ని, ఒక్క సబ్జెక్టులో వచ్చిన పర్సంటైల్‌ను ర్యాంకు పక్కన కలిపి చూపించినవెన్ని అన్నది ఎక్కడా విడదీసి చెప్పరు. ఒకే అమ్మాయి ఫొటో రెండు సంస్థల ప్రకటనల్లో కనబడితే, ఒకచోట రెండేళ్లు చదివిందా, ఇంకోచోట చివర్లో నాలుగు మోడల్ టెస్టులు రాసిందా అన్నది మనం అడిగితే తప్ప తెలియదు.

సివిల్స్ కోచింగ్ సంస్థల ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ విచారణ జరిపినప్పుడు బయటపడింది సరిగ్గా ఇదే. ఎంపికైన అభ్యర్థుల ఫొటోలు పెద్దగా వేసుకున్న సంస్థలు, వాళ్లలో ఎక్కువమంది తమ దగ్గర తీసుకున్నది చివరి దశలో ఇంటర్వ్యూ శిక్షణ మాత్రమేనన్న సంగతి దాచాయి. ప్రిలిమ్స్, మెయిన్స్ అప్పటికే గట్టెక్కిన వాళ్లను చూపించి ప్రిలిమ్స్ కోర్సు అమ్మారు. ఆ సంస్థలకు జరిమానాలు పడ్డాయి. 2024 నవంబరు 13న కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు కూడా వచ్చాయి. వాటి ప్రకారం ఫొటో వేస్తే పక్కనే ఆ అభ్యర్థి ర్యాంకు, చదివిన కోర్సు, దానికి డబ్బు కట్టారా లేదా అన్న వివరం ఉండాలి. ఫలితం వచ్చాక అభ్యర్థి రాసిచ్చిన అంగీకారం లేకుండా ఫొటో వాడకూడదు. కాబట్టి ఈ వివరాలు అడగడం మీ హక్కు. అడ్మిషన్ కౌంటర్ దగ్గర మొహమాటపడకుండా అడగండి.

ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. మన జేబుకు చిల్లు పెట్టే అంకె చాలాసార్లు నిజమైన అంకే అయి ఉంటుంది. దాన్ని ఆనుకుని ఉండాల్సిన ఇంకో అంకెను మాత్రం పక్కకు తీసేసి చూపిస్తారు. అబద్ధమాడితే కేసు పెట్టవచ్చు. సగం నిజం చెప్పేవాణ్ని పట్టుకోవాలంటే ఆ రెండో అంకె ఏమిటో మనకే తట్టాలి.

ఇక అప్పుల సంగతి. దీనిమీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. కాగితం, పెన్ను అందుబాటులో ఉంటే దగ్గర పెట్టుకోండి.

మన ఊళ్లలో ప్రామిసరీ నోటు మీద అప్పు తీసుకుంటే వడ్డీ చెప్పే పద్ధతి మీకు తెలుసు. రెండు రూపాయల వడ్డీ అంటే వందకు నెలకు రెండు రూపాయలు. ఏడాదికి 24 శాతం. బడి ముఖం చూడని రైతుకు కూడా ఈ లెక్క నోటి చివర ఉంటుంది. రూపాయిన్నర అయితే తీసుకోవచ్చు, మూడు రూపాయలైతే ఆలోచించాలి, అయిదు రూపాయలైతే ఆ గడప తొక్కకూడదు అని ఏ ఊళ్లోనైనా చెబుతారు. అదే మనిషి పట్నంలో బండి షోరూమ్‌కు వెళితే, ఫైనాన్స్ కుర్రాడు "పన్నెండు శాతమేనండీ" అంటాడు. ఈయన మనసులో వెంటనే లెక్క వేసుకుంటాడు: పన్నెండు శాతమంటే రూపాయి వడ్డీ, ఊళ్లో ఎక్కడా పుట్టదు. సంతకం పెట్టేస్తాడు.

ఆ పన్నెండు శాతం వెనకాల ‘ఫ్లాట్’ అనే మాట ఒకటుంటుంది. దాని సంగతి చూద్దాం. లక్ష రూపాయలు ఏడాదికి తీసుకున్నారు. పన్నెండు శాతం ఫ్లాట్. వడ్డీ 12 వేలు, మొత్తం 1,12,000. పన్నెండు నెలలకు పంచితే నెలకు 9,333 రూపాయలు. ఇందులో అసలు కింద పోయేది నెలకు 8,333, వడ్డీ కింద వెయ్యి. మొదటి నెల బాగానే ఉంది. లక్ష మీద వెయ్యి, రూపాయి వడ్డీయే. ఆరు వాయిదాలు కట్టేశారు, సగం అసలు తీరిపోయింది. మీ దగ్గర వాళ్ల సొమ్ము ఇప్పుడు 50 వేలే. అయినా ఏడో నెలలో వడ్డీ వెయ్యే. అంటే రెండు రూపాయల వడ్డీ అయింది. పదకొండు నెలలు గడిచాయి. మీ దగ్గర మిగిలిన అసలు 8,333. దాని మీద కూడా వడ్డీ వెయ్యే. ఆ చివరి నెలలో మీరు కట్టింది పన్నెండు రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా పన్నెండు రూపాయల వడ్డీ అడిగితే పదిమందిలో పెట్టి నిలదీస్తాం.

మొత్తం మీద తగ్గిపోయే అసలు ప్రకారం లెక్కకడితే ఆ అప్పు ఏడాదికి పన్నెండు శాతం కాదు, సుమారు ఇరవై ఒకటిన్నర శాతం. దాదాపు రూపాయి ఎనభై పైసల వడ్డీ. ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఉండే వాయిదాల అప్పులకు మీరు గుర్తుపెట్టుకోదగ్గ లెక్క ఇది: ఫ్లాట్ రేటు ఎంత చెబితే అసలు రేటు దానికి ఇంచుమించు ఒకటీ ముప్పావు రెట్లు ఉంటుంది.

మా మేనల్లుడు బండి కొన్నప్పుడు నేను వాడి వెంట వెళ్లాను. 80 వేలు ఫైనాన్స్, 36 నెలలు. ఆ కుర్రాడు కాగితం మీద పెద్దగా రాసింది వాయిదా ఒక్కటే: 2,989. "రోజుకు వంద రూపాయలు కూడా పడదు సార్" అన్నాడు. రేటు ఎంతంటే పదకొండున్నర అన్నాడు. మావాడి మొహం వెలిగిపోయింది. నేను ఫోన్‌లో 2,989ని 36తో హెచ్చవేసి చూపించాను. 1,07,604. ఎనభై వేల మీద 27,600 పైచిలుకు వడ్డీ. పదకొండున్నర ఫ్లాట్, అసలు రేటు 20.4 శాతం. ఊరి భాషలో చెప్పాలంటే రూపాయి డెబ్భై పైసలు. దానికి పైన ఫైలు చార్జీలు వేరే. మా చెల్లెలు డ్వాక్రా సంఘంలో ఇంతకంటే చాలా తక్కువకు అప్పు తీసుకునే వీలుంది, కాని అక్కడ అడగాలన్న ఆలోచనే ఇంట్లో ఎవరికీ రాలేదు. పదకొండున్నర అన్నది చవగ్గా వినబడింది మరి. ఆ రోజు బండి తీసుకోకుండా వచ్చేశాం. పదిహేను రోజులు ఆగి, సంఘం అప్పుతో కొన్నాం.

ఈ ఫ్లాట్ రేటుకు తెలుగువాళ్లు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. సూక్ష్మరుణ సంస్థలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా విస్తరించిన కాలంలో వారం వారం వాయిదా ఎంతన్నది ఆడవాళ్లందరికీ తెలుసు. ఏడాదికి వడ్డీ ఎంత పడుతోందన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు, వసూళ్లకు వచ్చేవాళ్ల వేధింపులు, ఆత్మహత్యలు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది, తరువాత అది చట్టమైంది. ఆ కుటుంబాలకు లెక్కలు రాక కాదు. రూపాయల వడ్డీలో లెక్క చెప్పి ఉంటే వాళ్లు ఒక్క నిమిషంలో తేల్చుకునేవాళ్లు. వాళ్లకు తెలిసిన కొలతలో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మన చేతిలో ఒక మంచి ఆయుధం ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వ్యక్తులకిచ్చే ప్రతి కొత్త అప్పుకూ ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ముందుగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు, ఇతర చార్జీలు అన్నీ కలుపుకుని, తగ్గే అసలు మీద ఏడాదికి నిజంగా ఎంత పడుతుందో చెప్పే శాతం అది. ఆ కాగితం అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అంటే మీరు తెలుగులో అడగవచ్చు. అందులో రాయని చార్జీని తరువాత మీకు తెలియకుండా వసూలు చేయకూడదు. ఏపీఆర్‌ను పన్నెండుతో భాగిస్తే మన రూపాయల వడ్డీ వచ్చేస్తుంది. 24 ఉంటే రెండు రూపాయలు. 36 ఉంటే మూడు. ఇక తీసుకోవాలో వద్దో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఫోన్‌లో అయిదు నిమిషాల్లో అప్పిస్తామనే యాప్‌ల దగ్గర ఈ భాగహారం తప్పకుండా చేయండి. పది వేలు అప్పు అంటారు, 1,500 ఫీజు పట్టుకుని 8,500 చేతిలో పెడతారు, 30 రోజుల్లో పది వేలూ కట్టమంటారు. వడ్డీ లేదని కూడా అంటారు. 8,500 వాడుకున్నందుకు నెలకు 1,500 అంటే నూటికి పదిహేడున్నర రూపాయలు దాటింది. ఏడాదికి 200 శాతం పైమాటే. 2020 చివర్లో హైదరాబాద్‌లో ఇలాంటి యాప్‌ల మీద వరసగా కేసులు నమోదైనప్పుడు బయటికొచ్చిన కథల్లో చాలావాటికి మొదలు ఇలాంటి చిన్న అప్పే.

‘నో కాస్ట్ ఈఎమ్ఐ’ గురించి రెండు ముక్కలు. సున్నా వడ్డీ అనేది అసలు లేనే లేదని, ఆ ఖర్చు మరో రూపంలో కొనేవాళ్ల నుంచే రాబడతారని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఫ్రిజ్ కొనేటప్పుడు దుకాణదారును ఒక్కటే అడగండి: "మొత్తం ఇప్పుడే కట్టేస్తే ఎంతకిస్తారు?" ఆ తగ్గించే మొత్తమే మీరు కట్టబోయే వడ్డీ.

వంటింట్లోకి వద్దాం. నూనె ప్యాకెట్ తీసుకుని దాని మీద అంకెలు చదవండి. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. మనం లీటరు అలవాటుతో చేయి చాపుతాం. పక్కనే అదే ఎత్తు, అదే వెడల్పు ఉన్న ఇంకో ప్యాకెట్ ఉంటుంది, దాని మీద 850 గ్రాములని ఉంటుంది. మొదటిది 150 రూపాయలు, రెండోది 142 అనుకుందాం. ఎనిమిది రూపాయలు కలిసొచ్చాయని రెండోది బుట్టలో వేసుకుంటాం. కిలో లెక్కకు మార్చి చూస్తే మొదటిది 165 రూపాయల లోపు, రెండోది 167. చవకనుకున్నదే ప్రియం.

నూనె వేడికి వ్యాకోచిస్తుంది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే తూగుతుంది. కొన్ని కంపెనీలు ప్యాకెట్ మీద ఎక్కువ ఉష్ణోగ్రత వేసి, ‘లీటరు’ అన్న మాటను అలాగే ఉంచి, లోపల నూనె తగ్గించే వీలు చూసుకున్నాయి. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కలగజేసుకుని, ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి పరిమాణంతో పాటు బరువు కూడా సరిగ్గా ముద్రించాలని నూనె కంపెనీలకు చెప్పింది. ఎవరూ అబద్ధం రాయలేదు చూడండి. 60 డిగ్రీల దగ్గర అది లీటరే. మన వంటింట్లో ఏ ఎండాకాలంలోనూ అరవై డిగ్రీలుండవు, అంతే.

అందుకే ప్యాకెట్ మీద గరిష్ఠ చిల్లర ధర ఒక్కటీ చూసి ఆగిపోకూడదు. తూనికలు కొలతల నిబంధనలను 2021లో సవరించి, గ్రాముకో కిలోకో, మిల్లీలీటరుకో లీటరుకో ధర ఎంతో కూడా ముద్రించాలన్నారు. యూనిట్ సేల్ ప్రైస్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఏళ్ల తరబడి అయిదు రూపాయలే ఉంటే, తగ్గింది ఏమిటో మీకు చెప్పేది ఆ అక్షరాలే. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోవడం కూడా సరికాదు. నేను సరుకులకు వెళ్లిన ప్రతిసారీ ఒకటో రెండో పెద్ద ప్యాకెట్లు చిన్నవాటికంటే ప్రియంగా కనబడుతూనే ఉంటాయి.

మిఠాయి కొట్లో అయితే ముద్రించిన అంకె కూడా ఉండదు. అట్టపెట్టెతో సహా తూచి కిలో అంటారు. కిలో 800 రూపాయల స్వీటు, పెట్టె బరువు 90 గ్రాములు. పండక్కి మీరు కొన్న అట్టముక్క ఖరీదు 72 రూపాయలు. ఖాళీ పెట్టెను తూకం మీద పెట్టి సున్నా చేయమని అడగండి. పెట్టె బరువును సరుకు బరువులో కలపడం నేరం, తూనికలు కొలతల శాఖవాళ్లు పండగల ముందు తనిఖీ చేసేది దీనికోసమే.

బంగారం కొట్లో అంకెలు ఇంకా ఎక్కువ. గ్రాము ధర బోర్డు మీద వెలుగుతూ ఉంటుంది, అందరికీ ఒకటే. అక్కడ దాగేది మూడు చోట్ల: తరుగు, మజూరీ, రాళ్ల బరువు. ‘తరుగు ఆరు శాతమే’ అని హోర్డింగు పెట్టిన కొట్లో గ్రాముకు 700 మజూరీ వేస్తారు. ‘మజూరీ లేదు’ అన్న కొట్లో తరుగు పన్నెండు శాతం. గ్రాము పది వేలు అనుకుంటే మొదటి కొట్టు మొత్తం మీద పదమూడు శాతం తీసుకుంటోంది, రెండోది పన్నెండు. హోర్డింగు చూసి వెళ్లినవాళ్లు ఎక్కువ ఇచ్చుకుని వస్తారు. రాళ్ల హారం అయితే రాళ్లతో కలిపి బరువెంత, రాళ్లు తీసేస్తే బంగారం ఎంత అన్నది బిల్లు మీద విడివిడిగా రాయించండి. 40 గ్రాముల హారంలో రాళ్లు ఆరు గ్రాములుంటే, ఆ ఆరు గ్రాములకు బంగారం ధర కట్టడమంటే 60 వేలు పోగొట్టుకోవడం. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగల మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొట్టి చూడండి. అయితే అది చెప్పేది బంగారం స్వచ్ఛత గురించి. మీ దగ్గర తీసుకున్న డబ్బు న్యాయమా కాదా అన్నది అది చెప్పదు. దానికి మా అమ్మమ్మ తరంవాళ్లు ఒక ప్రశ్న అడిగేవాళ్లు, ఇప్పటికీ అంతకు మించింది లేదు: "ఈ నగ రేపు తెచ్చి మీకే ఇస్తే ఎంతిస్తారు?"

ఫ్లాటు కొనేవాళ్లకు కూడా ఇదే ధోరణి. చదరపు అడుగు 5 వేలు, 1,200 అడుగులు, 60 లక్షలు అంటారు. ఆ 1,200లో మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కలిసి ఉంటాయి. మీరు మంచం వేసుకుని తిరిగే నేల 840 అడుగులైతే, మీరు నిజంగా కట్టేది అడుగుకు 7,143 రూపాయలు. ఆ నేలను, అంటే కార్పెట్ ఏరియాను, చెప్పి తీరాలని 2016 నాటి స్థిరాస్తి చట్టం, రెరా, అంటోంది. రెండు ప్రాజెక్టుల్ని పోల్చేటప్పుడు ఆ అంకెతోనే భాగించండి.

ఏసీ మీద నక్షత్రాలు ఏ సంవత్సరానివో చూడండి. 2022 జులైలో కొలమానం బిగించినప్పుడు అంతకుముందు అయిదు నక్షత్రాలున్నది నాలుగుకు దిగింది. గోదాములో మిగిలిన పాత సరుకు మీద పాత నక్షత్రాలే ఉంటాయి. ఏడాదికి ఇన్ని యూనిట్లు అన్న అంకె కూడా 1,600 గంటల వాడకం మీద వేసిన లెక్క. రాత్రంతా ఏసీ వేసుకునే విజయవాడ ఇంటికి, రామగుండం ఇంటికి అది చాలదు.

డిస్కౌంట్ల మీద ఎక్కువ చెప్పను. యాభై శాతం, దాని మీద ఇంకో ఇరవై అంటే డెబ్భై కాదు. వెయ్యి రూపాయల చీర అయిదు వందలవుతుంది, అందులో ఇరవై శాతం పోతే నాలుగు వందలు. తగ్గింది అరవై. ఆ వెయ్యి అన్న ధరకు ఆ చీరను ఎవరైనా ఎప్పుడైనా కొన్నారా అన్నది అసలు ప్రశ్న.

పెట్టుబడుల దగ్గర మాత్రం నాకు భయం వేస్తుంది. అగ్రిగోల్డ్‌లో లక్షలాది కుటుంబాలు కూతురి పెళ్లికని, ముసలితనానికని దాచుకున్న సొమ్ము ఇరుక్కుపోయింది, దానికోసం అవి ఏళ్ల తరబడి తిరిగాయి. ఆ కన్నీళ్లు ఆరకముందే ఫోన్లలో కొత్త పథకాలు వచ్చాయి. "రోజుకు ఒక్క శాతం మాత్రమే ఇస్తాం, ఎక్కువ ఆశ పెట్టం" అంటారు. ఒక్క శాతం చిన్నగా వినబడుతుంది. ఆ ఒక్క శాతాన్ని రోజూ అసలులో కలుపుకుంటూ పోతే లక్ష రూపాయలు ఏడాది తిరిగేసరికి 37 లక్షలు దాటాలి. రెండో ఏడాది చివరికి 14 కోట్లు దాటాలి. అంత లాభమొచ్చే వ్యాపారం చేతిలో ఉన్నవాడు మీ లక్ష కోసం మీకు ఫోన్ ఎందుకు చేస్తాడు? రోజువారీ శాతం ఎవరు ఎప్పుడు చెప్పినా, దాన్ని ఏడాదికి మార్చి చూడండి. చాలు.

"అయిదేళ్లలో రెట్టింపు, అంటే ఏడాదికి ఇరవై శాతం రాబడి" అని చెప్పే ఏజెంట్లున్నారు. అది బారువడ్డీ లెక్క. చక్రవడ్డీలో అయిదేళ్లకు రెట్టింపు కావాలంటే పదిహేను శాతం కూడా అక్కర్లేదు. 72ను ఏళ్లతో భాగిస్తే రేటు ఇంచుమించుగా వస్తుంది, నోటితో చేసుకోవచ్చు. సగటు రాబడి అన్న మాట దగ్గర కూడా ఆగండి. ఒక ఏడాది యాభై శాతం పెరిగి, మరుసటి ఏడాది యాభై శాతం తగ్గితే సగటు సున్నా. లక్ష పెట్టినవాడి దగ్గర మిగిలేది 75 వేలు.

ట్రేడింగ్ నేర్పుతామని లాభాల స్క్రీన్‌షాట్లు పంపే గ్రూపులు పల్లెల దాకా వచ్చాయి. ఉద్యోగం రాని కుర్రాళ్లు, రిటైరైన మాస్టార్లు అందులో చేరుతున్నారు. ఆ స్క్రీన్‌షాట్ల పక్కన ఉండాల్సిన అంకెను 2024 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. వాళ్ల మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఆ 93 శాతం మంది స్క్రీన్‌షాట్లు గ్రూపులో ఎవరూ పెట్టరు. మీ ఇంట్లో కుర్రాళ్లెవరైనా ఇందులో ఉంటే కోప్పడకుండా కూర్చోబెట్టి ఈ అంకె చెప్పండి.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి రేడియో ప్రకటనల మాటా చెప్పాలి. ఆఫర్‌ను తాపీగా, పాటతో సహా చెప్పి, షరతులను మాత్రం ఒక్క గుక్కలో అందకుండా చదివేస్తారు. మనకు కావలసిన రెండో అంకె తరచుగా ఆ గుక్కలోనే ఉంటుంది. అలా వినబడినప్పుడు కొట్టుకు వెళ్లి, "ఆ షరతులు కాగితం మీద ఇవ్వండి, చదువుకుని వస్తాను" అనండి. ఇవ్వనంటే బయటికి వచ్చేయండి.

ఇవన్నీ తెలిసినా ఒక్కోసారి నష్టపోతాం. అప్పుడు ఊరుకోకండి. బిల్లు, ప్రకటన వచ్చిన పేపరు ముక్క లేదా ఫోన్‌లో తీసిన ఫొటో భద్రంగా ఉంచండి. ప్రకటన వచ్చిన తేదీ దాని మీద రాసుకోండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు, అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు కాజేస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగకుండా 1930కి చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకుల్లో ఆపించే అవకాశం అంత ఎక్కువ. తప్పుదోవ పట్టించే ప్రకటన మీద మీ జిల్లా కలెక్టరుకు కూడా రాసి ఇవ్వవచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఆ వీలుంది. అలాంటి ప్రకటనకు మొదటిసారి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు.

పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు కట్టిన సొమ్ము 50 లక్షల లోపైతే అక్కడే కేసు వేయవచ్చు. అయిదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. లాయరును పెట్టుకోవాలన్న నిబంధన లేదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. నష్టం జరిగిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ఏడాదిన్నర క్రితం కొన్న వస్తువుదో, కట్టిన ఫీజుదో బిల్లు మీ బీరువాలో ఉంటే ఇంకా ఆరు నెలలు గడువుంది.